తొమ్మిదో నంబరు ఎవరికి? ఊరి జట్టుకు స్ట్రైకర్‌ను ఎంచుకునే లెక్క

పాలమూరు టోర్నమెంటుకు వెళ్లి మా నల్లగొండ ఫుట్‌బాల్ జట్టు రెండు మ్యాచ్‌లు ఆడింది. మొదటిది 0–0, రెండోది 0–1. గంటన్నర పైగా ఎండలో ఉరికి ఉరికి ఒక్క గోల్ కూడా కొట్టకుండా ఇంటిదారి పట్టాం. జడ్చర్ల దగ్గర వ్యాన్‌లో మొదలైన లొల్లి కొండమల్లేపల్లి దాటినా ఆగలేదు. "గోల్ కొట్టేటోడు లేడన్నా మనకు, గంతే. మిగిలినయన్నీ మంచిగనే ఉన్నయి" అని మా గోలీ (గోల్‌కీపర్) తీర్పు చెప్పేశాడు. ముందు సీట్లో మా స్ట్రైకర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ బయటికి చూస్తున్నాడు. వాడి ఫోన్ చార్జింగ్ మధ్యాహ్నమే అయిపోయిందని మాకందరికీ తెలుసు.

తర్వాతి ఆదివారం క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే పంచాయితీ మళ్లీ మొదలైంది. నలుగురు పోరగాళ్ల పేర్లు ముందుకొచ్చాయి, ఒక్కొక్కడి వెనక ఒక పార్టీ. పొడుగోడిని పెట్టాలని ఒకరు, ఉరికేటోడిని పెట్టాలని ఇంకొకరు, ఉన్నోడినే ఉంచాలని మరొకరు. స్కూల్ జట్టు చూసే పీఈటీ సార్లకు, ఆదివారం టర్ఫ్ (ప్లాస్టిక్ పచ్చిక గ్రౌండ్) బుక్ చేసుకుని ఆడే ఉద్యోగులకు, టోర్నమెంటుకు పదకొండు మందిని పోగు చేయలేక తల పట్టుకునే కెప్టెన్లకు ఇదే బాధ ఉంటుంది కాబట్టి మేం వేసుకున్న లెక్క మొత్తం రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పాలి. నేను పన్నెండేళ్లు స్టాపర్‌గా, అంటే మా గోల్ ముందు నిలబడి అవతలి స్ట్రైకర్‌ను ఆపేవాడిగా ఆడాను. మొత్తం మీద మూడు గోల్స్ కొట్టాను, అందులో ఒకటి మా గోల్‌లోకే. స్ట్రైకర్ల గురించి నాకు తెలిసిందంతా వాళ్లను ఆపబోయి నేర్చుకున్నదే. ఎవడు ఎదురొస్తే మ్యాచ్ ముందు రాత్రి నిద్ర పట్టేది కాదో, ఎవడొస్తే హాయిగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది.

## ముందు బంతి లెక్క

రెండో మ్యాచ్‌లో కాలు బెణికి బయట కూర్చున్న పోరడికి ఒక పని అప్పజెప్పాను. మ్యాచ్‌ల పట్టిక ఉన్న కాగితం వెనక గీతలు పెట్టమన్నాను. మన స్ట్రైకర్ వైపు బంతి వెళ్లిన ప్రతిసారీ ఒక గీత. గాల్లో వస్తే మొదటి వరుసలో, కాళ్ల దగ్గరికి వస్తే రెండో వరుసలో, స్టాపర్ల వెనక ఖాళీలోకి వస్తే మూడో వరుసలో. మ్యాచ్ అయ్యాక లెక్కపెడితే మొత్తం పద్నాలుగు. తొమ్మిది గాల్లో, మూడు కాళ్ల దగ్గరికి, రెండు ఖాళీలోకి. ఎడమవైపు నుంచి వచ్చింది అన్నీ కలిపి ఒక్కటి.

మా స్ట్రైకర్ ఎత్తు ఐదడుగుల నాలుగు అంగుళాలు. అవతలి స్టాపర్లు ఇద్దరూ వాడికంటే జానెడు పొడుగు. తొమ్మిదిసార్లు వాడి నెత్తి మీదుగా బంతి పంపి, గోల్ కొట్టలేదని వ్యాన్‌లో తిట్టాం.

మీ జట్టుకైనా ఇదే నా మొదటి సలహా. పేర్లు తర్వాత, ముందు ఒక్క మ్యాచ్ గీతలు పెట్టించండి. బయట కూర్చున్నవాడికి పని దొరుకుతుంది, మీకు జవాబు దొరుకుతుంది. ఆ కాగితం చూశాక నలుగురిలో ఇద్దరి పేర్లు వాటంతటవే పక్కకు పోతాయి.

రెండో కొలత గ్రౌండ్. టీవీలో కనిపించే పచ్చిక మనకెక్కడిది? మనది మొరం. చిన్న పాసు ఇస్తే గులకరాయి తగిలి మోకాలి దాకా లేస్తుంది. త్రూ బాల్, అంటే స్టాపర్ల వెనక ఖాళీలోకి బంతి వేస్తే ఎక్కడా ఆగకుండా జారుకుంటూ పోయి కీపర్ చేతిలో పడుతుంది. పైగా మార్చి దాటాక మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ పెడితే, పరుగు మీద బతికే ఆటగాడికి పావుగంటలో నాలుక పిడచగట్టుకుపోతుంది. టర్ఫ్ మీద ఇవేవీ ఉండవు, అక్కడ సమస్య స్థలం తక్కువ కావడం. ఏ నేల మీద ఆడతారన్నది తేల్చుకోకుండా స్ట్రైకర్‌ను తేల్చలేరు.

మూడోది, బంతి అవతలి వాళ్ల దగ్గరున్నప్పుడు అతను చేసే పని. మన స్థాయిలో చాలామంది స్టాపర్లకు మీదికి ఎవరైనా ఉరికొస్తే బంతి ఇవ్వడం రాదు. నాకూ రాలేదు. ముందున్నవాడు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడితే మాత్రం ప్రతి స్టాపరూ పెద్ద ఆటగాడే.

నాలుగోది, అతను కాకుండా ఇంకెవరు గోల్ కొడతారు? దీని మీద ఎవరూ మాట్లాడరు, కానీ సగం జవాబు ఇందులోనే ఉంది. కింద పొడుగోడి దగ్గర దీనికి తిరిగొస్తాను.

ఐదోది, మ్యాచ్ రోజు వస్తాడా? మేనమామ కూతురి పెళ్లి, ఇంటర్ ప్రాక్టికల్స్, సెలవివ్వని షాపు ఓనరు. శనివారం రాత్రి ఫోన్ ఎత్తనివాడు ఎంత గొప్ప స్ట్రైకరైతే ఏం లాభం?

## మా జట్టులో చిల్లులు

స్ట్రైకర్ గురించి మాట్లాడేముందు వెనక ఏముందో ఒప్పుకోవాలి. గోలీ తీర్పు చెప్పినంత తేలిక కాదది.

ఆ గోలీతోనే మొదలుపెడదాం. చేతులు మంచివి, బంతి పడితే వదలడు. కానీ వాడికొచ్చిన కిక్ ఒక్కటే, ఆకాశంలోకి. స్టాపర్లిద్దరూ గట్టివాళ్లు, ఎవరికీ భయపడరు, కాకపోతే బంతి కనబడితే కొట్టుడే తప్ప ఇచ్చుడు లేదు. నడిమిట్ల ఆడే సెంటర్ హాఫ్ మొదటి ఇరవై నిమిషాలు రాజు. ఆ తర్వాత మోకాళ్ల మీద చేతులు. వాణ్ని తప్పు పట్టలేం, రైస్‌మిల్లులో నైట్ డ్యూటీ చేసి నేరుగా గ్రౌండ్‌కు వస్తాడు. ఇక అన్నిటికంటే పెద్ద చిల్లు ఎడమవైపు. పద్దెనిమిది మందిలో ఎడమకాలితో ఆడేవాడు ఒక్కడూ లేడు. ఎడమ వింగ్‌లో, అంటే ఎడమ గీత పక్కన ఆడేవాడిది కుడికాలే, ప్రతిసారీ లోపలికి తిప్పుకుంటాడు. రెండోసారికే అవతలి వాళ్లకు అర్థమైపోతుంది. కాగితం మీద ఎడమవైపు ఒక్క గీతే ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

దేశం జట్టుదీ ఇదే గోల. 2024 నవంబర్ 18న మేం ఏడుగురం గచ్చిబౌలికి వెళ్లి భారత్–మలేసియా మ్యాచ్ చూశాం. 1–1. మన గోల్ కార్నర్ నుంచి వచ్చింది, తలతో కొట్టింది డిఫెండర్ రాహుల్ భేకే. స్ట్రైకర్ల నుంచి ఏమీ రాలేదు. ఆ ఏడాది భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ అప్పటికి ఐదు నెలల ముందు, జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి రిటైరయ్యాడు. 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. ఆయన లేకపోవడమే జబ్బని అందరూ అనుకున్నారు. 2025 మార్చిలో నలభై ఏళ్ల వయసులో ఆయన్ను మళ్లీ పిలిచారు. మాల్దీవుల మీద గోల్ కొట్టాడు కూడా. వారం తిరక్కుండా బంగ్లాదేశ్‌తో ఛెత్రీ ఉండగానే 0–0. బంతి రాని చోట ఛెత్రీ నిలబడ్డా, మా పొట్టోడు నిలబడ్డా ఒకటే. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బుల్లో నడిమి ఫార్వర్డ్ చోటు చాలావరకు విదేశీయులకే పోతుందని, మన కుర్రాళ్లు వింగ్‌లకే పరిమితమవుతున్నారని అనేవాళ్ల మాటలో నిజముంది. అది వేరే పంచాయితీ.

## పొడుగోడు

ఆరడుగుల మనిషి, ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గోల్. హెడ్ చేసేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. "నిలబడుడు తప్ప ఏం జేస్తడే గాడు?" అని మా వాళ్ల వెక్కిరింత. నా ఓటు మాత్రం వీడికే. ఎందుకో చెప్పాలంటే పోయిన ఆదివారం ప్రాక్టీసులో చూసిన ఒక్క బంతి చాలు.

గోలీ ఎప్పటిలాగే ఆకాశంలోకి కొట్టాడు. బంతి ఇంకా పైకి వెళ్తుండగానే పొడుగోడు దాని వైపు చూడకుండా రెండడుగులు వెనక్కి వేసి స్టాపర్‌కు నడుము ఆనించాడు. ఎడమ చెయ్యి పక్కకు చాపాడు, తొయ్యడానికి కాదు, స్టాపర్ ఎటు కదులుతున్నాడో తెలియడానికి. బంతి కిందికొచ్చేసరికి వెనకున్నవాడికి ఎగరడానికి చోటు లేదు. ఛాతీ మీద పడింది, కుడికాలు దగ్గరికి జారింది. అక్కడ రెండు సెకన్లు దాన్ని కదలనివ్వలేదు. ఆ రెండు సెకన్లలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్న మా సెంటర్ హాఫ్ నడుచుకుంటూ వచ్చి బంతి తీసుకున్నాడు.

నేను ఆడే రోజుల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది ఇలాంటివాళ్లే. గోల్ కొట్టేవాళ్లు కాదు. మర్నాడు పక్కటెముకలు పట్టేసేవి, అంతే. కానీ వాళ్లను కాచుకుంటూ నేను అక్కడే ఇరుక్కుపోతే పక్కనుంచి ఇంకొకడు దూరేవాడు.

దీనికి పెద్ద సాక్ష్యం 2018 ప్రపంచకప్. ఫ్రాన్స్ స్ట్రైకర్ ఒలివియే జిరూ ఏడు మ్యాచ్‌ల్లో ఆడి ఒక్క గోల్ కొట్టలేదు, గోల్‌లోకి వెళ్లే షాట్ కూడా ఒక్కటి లేదు. ఫైనల్లో క్రొయేషియాను 4–2తో కొట్టి కప్పు పట్టుకెళ్లారు. ఎంబాపే నాలుగు, గ్రీజ్‌మాన్ నాలుగు కొట్టారు. 1998లో ఫ్రాన్స్ మొదటిసారి గెలిచినప్పుడూ వాళ్ల స్ట్రైకర్ గివార్ష్‌కు ఆ కప్పులో గోల్ లేదు. నాలుగో కొలత అన్నది ఇదే. పక్కన ఎంబాపే ఉంటేనే జిరూ గొప్పవాడు. చుట్టూ ఉరికేవాళ్లు లేని జట్టులో పొడుగోడిని పెడితే బంతి ఆపుతాడు, ఆపి ఎవరికివ్వాలో తెలియక నిలబడతాడు, అప్పుడు మా వాళ్ల వెక్కిరింత నిజమవుతుంది.

చాలామందికి తెలియని ఒక లాభం కూడా ఉంది. త్రో, గోల్‌కిక్, కార్నర్, ఈ మూడింటి నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ (బంతి వేసేసరికే స్టాపర్లను దాటి ముందు నిలబడే తప్పు) లేదు. మా గోలీ ఆకాశం కిక్ గోల్‌కిక్ (గోల్ గీత దాటిన బంతిని నేల మీద పెట్టి కొట్టేది) అయితే పొడుగోడు స్టాపర్ వెనక నిలబడి కూడా తీసుకోవచ్చు. పాలమూరులో ఈ సంగతి చెప్తే మా పిల్లలే నమ్మలేదు, రెఫరీని అడిగొచ్చారు.

## ఉరికేటోడు

వంద మీటర్లలో కాలేజీ మెడల్ ఉంది. అందరి ముద్దుబిడ్డ వీడే, గ్రౌండ్ చుట్టూ నిలబడ్డ జనానికి వీడు కదిలితే ఈలలే. వీడి పార్టీ వాళ్లు ఎప్పుడూ చెప్పే పేరు జేమీ వార్డీ. 2015–16లో లీస్టర్ ఇంగ్లండ్ లీగ్ గెలిచినప్పుడు అతనివి 24 గోల్స్, వరుసగా పదకొండు మ్యాచ్‌ల్లో కొట్టిన రికార్డు. లీస్టర్ బంతిని ఎక్కువసేపు పట్టుకునే జట్టు కాదు, లాక్కోవడం, ముందుకు పంపడం, వార్డీ ఉరకడం.

మాటలో తప్పు లేదు. అయితే ఆ బంతులు లాక్కోవడానికి కాంటే ఉన్నాడు, ఇవ్వడానికి మహ్రెజ్, డ్రింక్‌వాటర్ ఉన్నారు. మా కాగితం మీద ఖాళీలోకి వెళ్లిన గీతలు రెండే రెండు. ఆ రెండూ మొరం మీద జారి కీపర్‌కే చేరాయి.

స్టాపర్‌గా నా వైపు నుంచి చెప్తాను. వేగం ఉన్నవాడొస్తే మొదటి ఐదు నిమిషాలు గుండె దడే. ఒక్కసారి దాటిపోయాడా, ఆ తర్వాత నేను ఐదడుగులు వెనక్కి జరిగి నిలబడేవాణ్ని. అంతే, వాడి సగం ఆట అయిపోయేది. కొందరు మాత్రం అప్పుడు కిందికొచ్చి బంతి కాళ్ల దగ్గర అడిగేవారు, వాళ్లతోనే ఇబ్బంది. మావాడు ఇంకా అంత దూరం రాలేదు. ఆఫ్‌సైడ్ జెండా లేస్తే ఆకాశం వంక చూస్తాడు.

ఉపయోగం లేదని కాదు. అవతలి వాళ్లు గోల్ కోసం ముందుకొచ్చినప్పుడు, వాళ్ల స్టాపర్ల కాళ్లు బరువెక్కినప్పుడు, అంటే రెండో సగంలో ఓ పది నిమిషాలయ్యాక వీణ్ని దింపితే వేరే మనిషిలా కనిపిస్తాడు. మొదటి నిమిషం నుంచే ఎండలో ఉరికించి, అసలు అవసరమైనప్పుడు గొంతెండి నిలబడేలా చేయడం మా తెలివితక్కువతనం.

## గుంటనక్క

ఇప్పుడున్న స్ట్రైకర్, ఇయర్‌ఫోన్ల పోరడు. పొట్టోడు, వేగం లేదు, పాసు అంతంతమాత్రం. కానీ కీపర్ చేతిలోంచి జారిన బంతి దగ్గర వీడే ఉంటాడు, ఎట్లా ఉంటాడో ఎవరికీ తెలియదు. గోల్ ముందు వాసన పట్టేవాళ్లలో ఇటలీ ఇంజాగీని మించినవాడు లేడు. 2007 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ మీద మిలాన్ కొట్టిన రెండు గోల్స్ అతనివే, అందులో మొదటిది పిర్లో ఫ్రీకిక్ అతని ఒంటికి తగిలి దారి మళ్లి లోపలికి పోయింది.

మన దగ్గరి ఉదాహరణ నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే. 2021–22 ఐఎస్‌ఎల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ తరఫున 18 గోల్స్, వయసు 37. ఆ మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1–1 అయి పెనాల్టీల్లో కప్పు మనకొచ్చింది. ఆ వయసులో ఆయన ఎంత ఉరకగలడు? పరుగు పని మిగతావాళ్లు చూసుకున్నారు, వింగ్‌ల నుంచి బంతి వస్తూ ఉంది, ఆయన చోటు చూసుకుని నిలబడ్డాడు. 2022–23లో మాంచెస్టర్ సిటీ తరఫున లీగ్‌లో 36 గోల్స్ కొట్టిన హాలండ్‌కూ వెనక అలాంటి ఏర్పాటే ఉంది.

గుంటనక్కను తక్కువ చేసి చూసేవాళ్లకు ఒకటి చెప్పాలి. టీవీలో కనిపించే కీపర్లు బంతిని గట్టిగా పట్టుకుంటారు. మన టోర్నమెంట్లలో గ్లౌజులు అరిగిపోయిన కీపర్లు, మొరం మీద జారొచ్చే బంతులు, ప్రతి మ్యాచ్‌లో రెండు మూడు చేజారడం ఖాయం. వీడి విలువ ఊరి గ్రౌండ్‌లోనే ఎక్కువ. సమస్యల్లా ఒకటే, ఎవరో ఒకరు షాట్ కొట్టాలి కదా, బంతి అక్కడిదాకా వెళ్లాలి కదా. అది లేనప్పుడు పది మందితో ఆడుతున్నట్టే. పాలమూరులో అదే జరిగింది.

## తెలివైన హాఫ్

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లాడు, తల పైకెత్తి ఆడతాడు. స్ట్రైకర్ చోట నిలబెడితే కిందికి జారి బంతి తీసుకుంటాడు, వాడితోపాటు స్టాపర్ వస్తే వెనక ఖాళీ, రాకపోతే వీడు స్వేచ్ఛగా ఆడతాడు. 2009 మే 2న మాడ్రిడ్‌లో మెస్సీని ఇలా ఆడించి బార్సిలోనా 6–2తో గెలిచింది. స్పెయిన్ 2012 యూరో ఫైనల్‌ను అసలు స్ట్రైకర్ లేకుండా ఫాబ్రెగాస్‌తో మొదలుపెట్టి ఇటలీని 4–0తో ఓడించింది. అందులో కూడా మూడో గోల్ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన అసలు స్ట్రైకర్ టోరెస్‌దే, ఆ టోర్నీ గోల్డెన్ బూటూ అతనికే.

టర్ఫ్ మీద అయితే కళ్లు మూసుకుని వీణ్నే తీసుకుంటాను. మొరం మీద వీడి పాసులు మోకాళ్లకు తగులుతుంటే చూడలేం. పైగా వీడు కిందికొస్తే గోల్ ముందు బాక్స్‌లో ఎవరు?

## ఐదో దారి, స్టాపర్‌ను పైకి పంపడం

దీన్ని చాయ్ దగ్గర ఎవరో నవ్వులాటకు అన్నారు. నవ్వాల్సిన పని లేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీమ్ సాబ్ చేసింది ఇదే. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ అతన్ని సెమీస్, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ వియత్నాంపై సెమీస్‌లో గోల్, దక్షిణ కొరియాపై ఫైనల్లో ఇంకో గోల్. 2–1, బంగారు పతకం. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, మన సికింద్రాబాద్ బలరాం ఉన్న జట్టది, అందుకే చెల్లింది. మన స్థాయిలో ఇది చివరి పది నిమిషాల మందు. వెనక ఒక్క స్టాపర్ మిగిలాక రెండో గోల్ తింటే ఎవరినీ తిట్టకూడదు.

## ఒక్క చూపులో

| ఎవరు | ఏ బంతి కావాలి | ఏ లోటును కప్పుతాడు | ఏ లోటు బయటపడుతుంది |
|---|---|---|---|
| పొడుగోడు | గాల్లో, ఛాతీ మీదికి, త్రో | పాసు ఇవ్వలేని స్టాపర్లు, కీపర్ పొడుగు కిక్కులు, అలిసిన హాఫ్ | చుట్టూ ఉరికేవాళ్లు లేకపోవడం |
| ఉరికేటోడు | స్టాపర్ల వెనక ఖాళీలోకి | ఎక్కువసేపు బంతి పట్టుకోలేని జట్టు | త్రూ బాల్ వేసేవాడు లేకపోవడం |
| గుంటనక్క | క్రాస్‌లు, కార్నర్లు, కీపర్ వదిలినవి | షాట్లున్నా గోల్స్ పడకపోవడం | బంతి ముందుకే వెళ్లకపోవడం |
| తెలివైన హాఫ్ | కాళ్ల దగ్గరికి | నడిమిట్ల మనుషులు చాలకపోవడం | బాక్స్‌లో ఎవరూ లేకపోవడం |
| పైకొచ్చిన స్టాపర్ | చివర్లో పొడుగు బంతులు | ఇంకే దారీ లేకపోవడం | వెనకంతా ఖాళీ |

## మీరెవరో దాన్ని బట్టి

పీఈటీ సార్లకు: పద్నాలుగేళ్ల పిల్లల్లో పొడుగున్నవాణ్ని స్ట్రైకర్‌గా పెట్టేస్తే ఈ ఏడాది మండలం గెలుస్తారు. మూడేళ్లకు మిగతావాళ్లు కూడా ఎత్తు పెరుగుతారు, అప్పుడు వాడికి చేతిలో ఏ విద్యా ఉండదు. స్కూల్లో అందరినీ అన్ని చోట్లా ఆడించండి, కప్పు ఒకటి పోయినా ఫర్వాలేదు. హెడ్మాస్టర్ గారికి ఇది చెప్పి ఒప్పించడం మాత్రం మీ బాధ.

ఆదివారం టర్ఫ్ ఉద్యోగులకు: ఏడుగురి ఆట, చిన్న గోల్, చాలాచోట్ల ఆఫ్‌సైడే ఉండదు. అవతలి గోల్ దగ్గరే కాపు కాసే మిత్రుడు ప్రతి జట్టులో ఒకడుంటాడు. వాడితో సోపతి చెడకుండా వెనక్కి రప్పించడమే మీ మొదటి పని. ముందు తెలివైన హాఫ్‌ను పెట్టండి.

నాకౌట్ టోర్నమెంటు కెప్టెన్లకు: మ్యాచ్ డ్రా అయితే పెనాల్టీలే. అందుకని మొదటి పదకొండు మందితోపాటు, చివరి విజిల్‌కు గ్రౌండ్‌లో ఎవరుంటారో కూడా ఆలోచించండి. పెనాల్టీ కొట్టడం వచ్చినవాణ్ని అలిసిపోయాడని ఐదు నిమిషాల ముందు తీసేసి, ఆ తర్వాత నెత్తి కొట్టుకున్నవాళ్లలో నేనొకణ్ని.

ఇద్దరు మంచి స్ట్రైకర్లుండి ఎవర్ని పెట్టాలో తేలనివాళ్లకు: ఇద్దరినీ పెట్టండి, కానీ ఇద్దరూ ఒకే రకమైతే వద్దు. ఇద్దరు గుంటనక్కలు ఒకే బంతి మీద పడి ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటారు.

## మేం ఏం చేశామంటే

కాగితం మీద తొమ్మిది గీతలు గాల్లో ఉన్నాయి కాబట్టి పొడుగోడు. వాడి దగ్గర జారినవి ఏరుకోవడానికి పక్కనే గుంటనక్క. ఇద్దరు ముందుంటే నడిమిట్ల ఒకడు తగ్గుతాడు, అక్కడేమో హాఫ్ ఇరవై నిమిషాలకే ఆగిపోతాడు. అందుకని మ్యాచ్ మొత్తానికి ఒక్క బంతి తెచ్చిన ఎడమ వింగ్‌నే తీసేసి, ఆ చోటులో ఇంటర్ పిల్లాణ్ని నడిమిట్లోకి తెచ్చాం. ఉరికేటోడు బెంచి మీద, రెండో సగం పదో నిమిషానికి. ఈ మాట చెప్పినప్పుడు వాడు అలిగాడు. "ఫస్ట్ నుంచి ఆడకపోతే మా నాయన ఎందుకొస్తడన్నా చూడనీకె?" అన్నాడు. వాళ్ల నాయనకు నేనే ఫోన్ చేసి రెండో సగానికి రమ్మన్నాను.

పోయిన వారం పక్క ఊరి జట్టుతో ఆడి చూశాం. 1–1. మా గోల్ గోలీ కిక్ నుంచే వచ్చింది. పొడుగోడి ఛాతీ మీద నుంచి జారింది, స్టాపర్ కాలికి తగిలింది, గుంటనక్క బొటనవేలితో నెట్టాడు. వ్యాన్‌లో మౌనంగా ఉన్న మనిషి గ్రౌండ్ సగం చుట్టి వచ్చి గోలీ ముందు నిలబడి రెండు చేతులూ చాపాడు. గోలీ ఏమీ అనలేదు.

మేం తిన్న గోల్ మా ఎడమవైపు నుంచి వచ్చింది. వింగ్ తీసేశాం కదా, ఆ చోటు మొత్తం వాళ్లకు హైవేలా దొరికింది. రెండో సగంలో ఉరికేటోణ్ని అటు పంపితే కొంత ఆగింది గానీ వాడిదీ కుడికాలే. ఎడమకాలితో ఆడే పోరడు మీ వాడకట్టులో ఎవడైనా ఉంటే ఆదివారం పొద్దున ఆరింటికి పంపండి. స్టడ్స్ లేకపోయినా పర్లేదు, గోలీ దగ్గర ఒక జత అదనంగా ఉంది, ఎనిమిదో నంబరు.